కూర్చుంటే లేవలేని సోఫా: ఎత్తు పెంచడం ఎలా?

ప్రశ్న: మా ఇంట్లో నాలుగేళ్ళ క్రితం కొన్న మూడు సీట్ల సోఫా ఉంది. నేల నుంచి సీటు ముందు అంచు వరకు టేపుతో కొలిస్తే 16 అంగుళాలు వస్తోంది. మా అత్తగారికి 70 ఏళ్ళు దాటాయి. మోకాళ్ళ నొప్పుల వల్ల, ఒకసారి అందులో కూర్చుంటే ఎవరైనా చెయ్యి అందిస్తే తప్ప లేవలేకపోతున్నారు. పైన ఇంకో దిండు వేయమని కొందరు, కాళ్ళ కింద ఇటుకలు పెట్టమని కొందరు సలహా ఇస్తున్నారు. వడ్రంగి మాత్రం 4 అంగుళాల కాళ్ళు అదనంగా వేస్తే సరిపోతుందంటున్నాడు. వీటిలో ఏది మంచిది?
– ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: మీరు కొలిచిన 16 అంగుళాలు సోఫా ఎత్తే గాని, మీ అత్తగారు కూర్చునే ఎత్తు కాదు. ఆమె కూర్చోగానే స్పాంజి అణుగుతుంది, దాని కింద ఉన్న బెల్టులో స్ప్రింగులో సాగుతాయి, నడుము కిందికి దిగిపోతుంది. నాలుగేళ్ళు వాడిన సీటు 3 అంగుళాలు దిగినా ఆశ్చర్యం లేదు కాబట్టి ఆమె నిజానికి 13 అంగుళాల ఎత్తులోనే కూర్చుంటూ ఉండవచ్చు. భోజనాల బల్ల దగ్గర వేసుకునే మామూలు కుర్చీ సుమారు 18 అంగుళాలు ఉంటుంది. ఆ కుర్చీలోంచి ఆమె తనంతట తాను లేవగలుగుతున్నారంటే, లోపం మోకాళ్ళలో ఎంత ఉందో సోఫాలోనూ అంత ఉందన్నమాట.

సీటు ఎంత దిగుతోందో తెలుసుకోవడానికి సులువైన పద్ధతి ఒకటి ఉంది. ముందు ఆమెను చెక్క సీటున్న కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టి, నేల నుంచి భుజం వరకు ఎంత ఉందో కొలవండి. తరువాత సోఫాలో రోజూ కూర్చునే చోటనే కూర్చోబెట్టి, మళ్ళీ అలాగే నిటారుగా ఉండమని చెప్పి కొలవండి. రెండు కొలతల మధ్య తేడాను చెక్క కుర్చీ సీటు ఎత్తులోంచి తీసివేస్తే, సోఫాలో ఆమె అసలు ఎంత ఎత్తులో కూర్చుంటున్నారో తేలుతుంది. ఆపైన అరికాళ్ళు పూర్తిగా నేలకు ఆనేలా కుర్చీలో కూర్చోబెట్టి, నేల నుంచి మోకాలి వెనుక మడత వరకు కొలవాలి. ఇంట్లో చెప్పులు వేసుకుని తిరిగే అలవాటుంటే ఈ కొలత చెప్పులతోనే తీసుకోవాలి. కష్టంగా లేచే మనిషికి, కూర్చున్నప్పటి సీటు ఎత్తు ఈ మడత కంటే ఒకటి రెండు అంగుళాలు ఎక్కువ ఉంటే హాయిగా ఉంటుంది. ఆమె కొలత 15.5 అంగుళాలు అనుకుంటే, మనకు కావలసినది సుమారు 17 అంగుళాలు.

అంటే 13 నుంచి 17కు, మొత్తం 4 అంగుళాలు పెరగాలి. వడ్రంగి చెప్పిన అంకె కూడా అదే. కాని ఆ నాలుగూ కాళ్ళలోనే పెంచితే పని చెడుతుంది. సీటు నడుమ భాగం దిగుతుంది గాని, ముందు అంచున ఉన్న కట్టె దిగదు. కాళ్ళు 4 అంగుళాలు పెంచితే ఆ అంచు 20 అంగుళాలకు చేరుతుంది. అప్పుడు ఆమె గుంటలో కూర్చున్నట్టు ఉండి, అంచు తొడల కింద ఒత్తుతుంది, పాదాలు నేలకు సరిగా ఆనవు. లేవాలంటే ఆ గట్టు దాటి ముందుకు జరగాలి. కాబట్టి పోయిన ఎత్తును పోయిన చోటే రాబట్టి, తక్కువైనంత మాత్రమే కాళ్ళలో కలపాలి.

పోయిన ఎత్తు సీటులో ఉంది. దిండ్లు విడిగా ఉండే సోఫా అయితే వాటిని తీసి, కింద ఉన్న బెల్టుల మీద అరచేత్తో గట్టిగా నొక్కి చూడండి. చెయ్యి లోతుగా దిగిపోతే బెల్టులు సాగిపోయాయి, కొత్తవి లాగి కట్టించాలి. బెల్టులు బిగువుగానే ఉండి, దిండు మాత్రం నడుమ పల్చబడి ఉంటే స్పాంజి మార్చాలి. సీటు గుడ్డతో కలిపి కుట్టేసిన సోఫా అయితే, వెనక్కి వాల్చి అడుగున పిన్నులు కొట్టిన నల్లగుడ్డ విప్పితే బెల్టులు కనిపిస్తాయి. దుకాణంలో స్పాంజిని డెన్సిటీ అంకెతో అడుగుతారు. 40 డెన్సిటీ అంటే ఘనపు మీటరు స్పాంజి బరువు 40 కిలోలని అర్థం. రోజంతా ఒకే చోట కూర్చునే పెద్దవాళ్ళకు సీటులో 40కి తగ్గనిది వేయించి, మెత్తదనం కోసం పైన అంగుళం మందం పలచటి స్పాంజి వేయిస్తే చాలు. గట్టిదనం డెన్సిటీ ఒక్కదానితోనే తేలదు కనుక, దుకాణంలో ముక్కను చేత్తో నొక్కి, వీలైతే దాని మీద కూర్చుని చూసి తీసుకోవాలి. కొన్నాళ్ళ దాకా ఈ ఖర్చు వద్దనుకుంటే, బెల్టుల మీద 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలక పరచి, దాని మీద పాత దిండు వేయవచ్చు. పలక మందం అర అంగుళం ఎలాగూ కలుస్తుంది, కుంగడం కూడా బాగా తగ్గుతుంది. పలక అంచులను ఇసుక కాగితంతో రుద్ది, పాత దుప్పటి చుట్టకపోతే సోఫా గుడ్డ చిరుగుతుంది.

సీటు బాగుచేసిన తరువాత ఆమె కూర్చుంటే అంగుళం మాత్రమే దిగుతుందనుకుందాం. అప్పుడు కాళ్ళలో పెంచవలసింది 2 అంగుళాలే. అంచు 18 దగ్గర ఆగుతుంది, కూర్చున్న ఎత్తు 17 అవుతుంది. ఈ రెండు అంగుళాల వల్ల, మామూలుగా ఎవరూ లెక్కలోకి తీసుకోని లాభం ఇంకొకటి ఉంది. మనిషి లేచేటప్పుడు మడమలను సీటు కిందికి లాక్కుని, ఒంటి బరువును ముందుకు, పాదాల మీదికి తెస్తేనే లేవగలడు. సోఫా అడుగు నేలకు దగ్గరగా ఉంటే మడమలకు చోటుండదు, బరువంతా వెనకే ఉండిపోయి ఆ భారం మోకాళ్ళ మీద పడుతుంది.

కాళ్ళ విషయానికి వస్తే, సోఫాను వాల్చినప్పుడే అవి ఎలా బిగించి ఉన్నాయో చూడండి. ఒకే బోల్టుతో తిప్పి బిగించినవైతే పాత కాలు విప్పి, దానినే కొలతకు తీసుకెళ్ళి, అదే మందం, అదే మర ఉన్న పొడవు కాలు కొనవచ్చు. ఇవి ఎక్కువగా 8 మిల్లీమీటర్ల బోల్టుతో వస్తాయి. పలకకు నాలుగు స్క్రూలు కొట్టిన రకమైతే, ఆ స్క్రూలు లోపల గట్టి కట్టెలో దిగాయో, పలచటి ప్లైవుడ్‌లో దిగాయో చూడాలి. కాలు పొడవయ్యేకొద్దీ పక్కకు ఊగే బలం దాని మొదట్లో ఎక్కువగా పడుతుంది కాబట్టి, మూలల్లో కట్టె ముక్కలు జిగురుతో, స్క్రూలతో అదనంగా బిగించమని చెప్పండి. మూడు సీట్ల సోఫాకు చాలావరకు నడుమ ఐదో కాలు ఉంటుంది. దానిని మరిచిపోయి నాలుగే పెంచితే ముందు కట్టె కొన్ని నెలలకే వంగిపోతుంది. ఎత్తు పెంచిన సోఫాను తుడవడానికి గాని, జరపడానికి గాని ఈడ్వకూడదు. ఇద్దరు పట్టుకుని ఎత్తి పెట్టాలి.

ఇక దిండు సలహా. పైన అదనంగా దిండు వేస్తే సీటు పెరుగుతుంది గాని చేతులు ఆనించుకునే పట్టె పెరగదు. లేచేటప్పుడు ఆమె చేతులతో నొక్కి లేచేది ఆ పట్టె మీదే. దిండు 4 అంగుళాలు పెరిగితే పట్టె ఆమెకు అంత కిందికి పోయినట్టే. వీపుకు ఆనే భాగమూ అలాగే తగ్గుతుంది. పైగా వదులు దిండు ముందుకు జారుతుంది. పెద్దవాళ్ళకు ఇది వద్దేవద్దు. ఇటుకల సంగతి అంతకంటే ఘోరం. అంచులు రాలుతాయి, పలకరాతి నేల మీద గీతలు పడతాయి, కాలు ఇటుక మీద ఊరికే నిలబడి ఉంటుంది గాని పట్టు ఉండదు. నలుగురు ఒకేసారి కూర్చుని లేచే సోఫా కింద ఆ సాహసం చేయకూడదు.

ఆమెకు మోకీళ్ళ మార్పిడి గాని తుంటి మార్పిడి గాని జరిగి ఉంటే, లేదా జరగబోతుంటే, ఈ కొలతలు ఖాయం చేసుకునే ముందు ఆపరేషన్ చేసిన వైద్యుడిని అడగండి. తుంటి మార్పిడి తరువాత మోకాళ్ళ కంటే నడుము కిందికి దిగే ఆసనాలు కొన్నాళ్ళు వద్దని వారు సాధారణంగా చెబుతారు.

ప్రశ్న: మాది మా మామగారు చేయించిన టేకు సోఫా సెట్టు. సీటు బాగానే ఉంది, ఎత్తే తక్కువ. కాళ్ళు నలుచదరంగా, చట్రంతో కలిసే ఉన్నాయి. ఆ చెక్కకు మేకు కొట్టడం ఇష్టం లేదు. ఏం చేయవచ్చు?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: మంచం కోళ్ళ కింద దిమ్మలు పెట్టే పద్ధతే ఇక్కడా సరిపోతుంది, కాకపోతే దిమ్మకు పైన గుంట తప్పనిసరి. కాలు 2 అంగుళాల చదరమైతే, దిమ్మ కనీసం 4 అంగుళాల చదరం ఉండేలా, దాని పైభాగంలో కాలు సరిగ్గా ఇమిడేలా అర అంగుళం లోతు గుంట తవ్వించండి. 2 అంగుళాలు పెరగాలంటే దిమ్మ ఎత్తు రెండున్నర ఉండాలన్నది ఇందులోని చిన్న లెక్క, చాలామంది దీనినే తప్పుతారు. గుంటలో పలచటి గుడ్డ గాని, నమ్దా ముక్క గాని అంటిస్తే కాలి పాలిష్ చెడదు. దిమ్మ అడుగున రబ్బరు షీటు అంటించాలి. దాని వల్ల టైల్స్ మీద జారదు, తడిగుడ్డతో తుడిచినప్పుడు చెక్క నీరు పీల్చదు.

దిమ్మలకు టేకే కావాలని లేదు. టింబరు డిపోలో మిగిలిన మద్ది ముక్కలు గట్టిగానే ఉంటాయి. కాని చెద పట్టని చెక్కనే అడిగి తీసుకుని, నేలకు ఆనే వైపు కూడా వార్నిష్ వేయించండి. దిమ్మలన్నీ ఒకే ఎత్తున కోయించి, బల్ల మీద పక్కపక్కన పెట్టి చూసుకున్నాకే సోఫా కింద పెట్టాలి. సెట్టులోని ఒంటి కుర్చీలను కూడా పెంచాలా అంటే, పెద్దవాళ్ళు కూర్చునే ఒక్కదానిని పెంచినా చాలు, మిగిలినవి అలాగే ఉండనివ్వండి. చూడటానికి ఎగుడుదిగుడుగా ఉంటుందని అన్నిటికీ దిమ్మలు పెట్టించడంలో నాకు అర్థం కనిపించదు. కిందికి సన్నబడుతూ బయటికి ఏటవాలుగా వాలిన కాళ్ళకు మాత్రం ఈ దిమ్మ పనికిరాదు. కాళ్ళ కింద పెట్టి ఎత్తు పెంచడానికి బజారులో దొరికే ప్లాస్టిక్ గిన్నెలూ పనికిరావు. అలాంటి కాలి మొన లోపల ఒక పక్కకు జరిగి ఒరుగుతుంది. ఆ కాళ్ళను విప్పి మార్చడమే దారి.

ప్రశ్న: మేము అద్దె ఇంట్లో ఉంటాము. మాది కింద సామాను పెట్టుకునే అరలున్న ఎల్ ఆకారపు సోఫా. దానికి కాళ్ళు లేవు, పెట్టెలా నేలకే ఆనుతుంది. దానిని కూడా పెంచవచ్చా? పెంచితే పొట్టిగా ఉండే నాకు ఇబ్బంది కాదా?
– ఒక పాఠకురాలు, హైదరాబాదు

జవాబు: పెంచవచ్చు. ఇలాంటి పెట్టె సోఫాలో బరువు అంచుల చుట్టూ ఉన్న పలకల మీదుగా నేలకు దిగుతుంది కాబట్టి, నాలుగు మూలల్లో దిమ్మలు పెడితే నడుమ పలకలు వంగుతాయి. పెట్టె కొలతకు చట్రంలాంటి పీఠం చేయించి దాని మీద సోఫాను కూర్చోబెట్టడం మేలు. పీఠాన్ని ముందు వైపు మూడు నాలుగు అంగుళాలు లోపలికి ఉండేలా చేయిస్తే, పైన చెప్పినట్టు మడమలకు చోటు దొరుకుతుంది. ఎల్‌లోని రెండు భాగాలకు పీఠాలు విడివిడిగా చేయించండి. ఇల్లు మారేటప్పుడు మోయడానికి అదే సులువు. రెండు భాగాలు కలిసేచోట లోపల కొక్కెం ఉంటుంది. రెండు పీఠాల ఎత్తు ఒకటి కాకపోతే అది పట్టుకోదు.

మీ విషయంలో కూడా మోకాలి మడత కొలతే ప్రమాణం. ఇంట్లో ఇద్దరి కొలతల మధ్య 2 అంగుళాలకు మించి తేడా ఉంటే, లేవడానికి కష్టపడేవారి కొలతకే సోఫాను పెంచి, పొట్టివారు కాళ్ళ కింద చిన్న పీట వేసుకోవడం మంచిది. కాళ్ళు వేలాడకపోతే తొడల కింద ఒత్తిడి ఉండదు. సీటు లోతు 22 అంగుళాలకు పైగా ఉంటే వీపు వెనుక గట్టి దిండు కూడా పెట్టుకోండి, లేకపోతే వెనక్కి ఆనుకున్నప్పుడు పాదాలు పీటకూ అందవు. పీట మూడు అంగుళాలకు మించి ఎత్తు ఉండనవసరం లేదు. అది దారిలో తట్టుకోకుండా, వాడనప్పుడు పీఠం ముందున్న ఖాళీలోకి జరిపేయవచ్చు.