పసుపు అంటిన చేతులకు ఎండ తగిలితే ప్రమాదమా?

ప్రశ్న: నా వయసు 34. మాది ఆర్మూరు దగ్గర పల్లె. పంట కాలంలో పసుపు కొమ్ములు ఉడకబెట్టడం, ఆరబోయడం నా పని. చేతులు ఎప్పుడూ పచ్చగానే ఉంటాయి, పనంతా ఎండలోనే. మా అత్తమ్మకు చిగుళ్ల జబ్బు వస్తే దంత వైద్యుడు పసుపు నుంచి తీసిన మందు పెట్టి, దాని మీద నీలి కాంతి వేశారు. వెలుతురు పడితే ఆ రంగు కణాలను చంపుతుందని చెప్పారు. అప్పటి నుంచి నాకు భయంగా ఉంది. పసుపుతో నలుగు పెట్టే మా ఏడాది పాపకు కూడా హాని ఉంటుందా?

జవాబు: ఆ వైద్యుడు చెప్పింది నిజమే. అయితే మీ చేతుల మీద జరిగేది, మీ అత్తమ్మ చిగుళ్లలో జరిగింది ఒకటి కాదు.

పసుపుకు రంగునిచ్చే కుర్కుమిన్ అనే పదార్థం నీలి కాంతిని, ముఖ్యంగా 420 నుంచి 430 నానోమీటర్ల ప్రాంతంలోని కాంతిని బాగా పీల్చుకుంటుంది. అలా చేరిన శక్తి పక్కనే ఉన్న ఆక్సిజన్‌కు అందినప్పుడు, ఆ ఆక్సిజన్ చాలా చురుకైన రూపాలుగా మారి, కణం చుట్టూ ఉండే పొరలోని కొవ్వును, లోపలి ప్రోటీన్లను దెబ్బతీస్తుంది. దెబ్బ ఎక్కువైతే కణం చనిపోతుంది. ఒక రంగు, దానికి సరిపడే వెలుతురు కలిస్తే జీవకణం చావగలదన్న సంగతి 1900 ప్రాంతంలో మ్యూనిక్‌లో ఆస్కార్ రాబ్ అనే వైద్య విద్యార్థి అక్రిడిన్ అనే రంగుతో చేసిన ప్రయోగాల్లో బయటపడింది. కుర్కుమిన్‌కూ ఈ గుణం ఉందని 1980ల చివర్లో బాక్టీరియా మీద చేసిన ప్రయోగాలు చూపాయి. అంతే మోతాదు కుర్కుమిన్ చీకట్లో ఆ బాక్టీరియాను ఏమీ చేయలేదు, ఆక్సిజన్ లేనప్పుడు వెలుతురు పడినా చంపలేదు.

ఇక మీ చేతుల సంగతి. చర్మం పైపొర చనిపోయిన కణాలతో ఏర్పడినది. నీటిలో సరిగా కరగని కుర్కుమిన్ చాలావరకు ఆ పొరలోనే అంటుకుని ఉండిపోతుంది కాబట్టి, కింద ఉన్న జీవకణాలకు హాని చేసేంత మోతాదు చేరడం కష్టం. పైగా కొమ్ములో కుర్కుమిన్ ఉండేది కొద్ది శాతమే. వెలుతురు ఆ రంగునే విరగ్గొడుతుంది కూడా: చీర మీద పడిన పసుపు మరకను తడిపి ఎండలో ఆరేస్తే సాయంత్రానికి వెలిసిపోవడం మీరు చూసే ఉంటారు. దంత వైద్యంలో మాత్రం కరిగించిన గాఢమైన కుర్కుమిన్‌ను చిగురుకూ పంటికీ మధ్య ఉన్న సందులోకి, బాక్టీరియా ఉన్న చోటికే పంపి, కొంతసేపు నిలిచేలా చేసి, అక్కడికే నీలి కాంతిని ప్రసరిస్తారు. తరాలుగా పసుపు పనిలో ఉన్నవారికి ఎండలో ఒళ్లు కాలకపోవడానికి కారణం ఈ తేడాయే. మీరు నిశ్చింతగా పని చేసుకోండి.

అయితే చేతులకు పగుళ్లు, కోతలు ఉంటే పైపొర రక్షణ అక్కడ ఉండదు కనుక గ్లవ్స్ వేసుకోండి, పుండు మీద పసుపు అద్దకండి. పసుపు తగిలిన చోట దురద, ఎర్రటి పొక్కులు, నల్లమచ్చలు వస్తే అది ఎక్కువగా అలర్జీ అయి ఉంటుంది. ఎండతో సంబంధం లేకుండానే రావచ్చు కాబట్టి చర్మ వైద్యుడికి చూపించండి. పాప చర్మం పలుచన. నలుగు గట్టిగా రుద్దకుండా, వెంటనే గోరువెచ్చని నీళ్లతో కడిగేయండి, నలుగుతో ఎండలో కూర్చోబెట్టకండి. గజ్జి, తామర ఉన్న బిడ్డకైతే అసలు వద్దు.

కూరలో వేసే పసుపు గురించి ఆలోచించనవసరం లేదు, దానిలోని కుర్కుమిన్‌ను పేగు గోడలు, కాలేయం చాలావరకు మార్చేస్తాయి. మిరియాల సారం కలిపి అమ్మే కుర్కుమిన్ మాత్రల సంగతి వేరు. అవి రక్తంలోకి ఎక్కువగా చేరతాయి, వాడినవారిలో కొందరికి కాలేయం దెబ్బతిన్న సందర్భాలు నమోదయ్యాయి. డాక్టరును అడగకుండా వాడకండి.

నాకు నిజంగా భయం కలిగించేది బావంచాలు అనే మందు గింజలు. బొల్లి మచ్చలకు బావంచాల నూనె రాసుకుని ఎండలో కూర్చోమని చెప్పేవారు మన ఊళ్లలో ఇప్పటికీ ఉన్నారు. వాటిలోని సోరాలెన్ రంగు పదార్థం కాదు, కానీ చర్మం లోపలికి దిగి, ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగలగానే కణాల డీఎన్ఏకు అతుక్కుంటుంది. కాలినట్టు ఆ పూట తెలియదు. ఒకటి రెండు రోజుల తర్వాత నీటి బొబ్బలు లేస్తాయి. ఆ వైద్యం చర్మ నిపుణుడి దగ్గర, లెక్క ప్రకారం కొలిచిన కాంతితోనే జరగాలి.

మీ అత్తమ్మ విషయంలో ఒక్కటి గుర్తుంచుకోండి. నీలి కాంతి వైద్యం పళ్ల గార తీయించడానికి తోడుగా చేసేదే గాని దానికి బదులు కాదు. గార తీయించారో లేదో అడిగి, తీయకపోతే ముందు ఆ పని చేయించండి. మళ్లీ కాంతి పెట్టేటప్పుడు కళ్లకు రక్షణ అద్దాలు ఉండేలా చూడండి.