కార్బన్ కోర్సుకు రూ.85 వేలు కట్టాలా?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ మెకానికల్ ఆఖరి ఏడాది చదువుతోంది. తోటివాళ్లంతా సాఫ్ట్‌వేర్ వైపు వెళ్తుంటే తను మాత్రం కర్బన ఉద్గారాల లెక్కలు చూసే ఉద్యోగం చేస్తానంటోంది. ఒక ఆన్‌లైన్ సంస్థ ఆరు నెలల ‘కార్బన్ నిపుణుల’ సర్టిఫికెట్‌కి రూ.85 వేలు అడుగుతోంది. ఈ రంగంలో నిజంగా ఉద్యోగాలున్నాయా? డబ్బు కట్టమంటారా? - ఒక తండ్రి, హుజూర్‌నగర్

జవాబు: ఉద్యోగాలున్నాయి. డబ్బు మాత్రం ఇప్పుడు కట్టకండి. ఈ రంగంలో ముందు కావాల్సింది బాయిలర్, కిల్న్ (సున్నపురాయిని కాల్చే భారీ బట్టీ), కరెంటు మీటర్ తెలిసిన మనిషి. సర్టిఫికెట్ ఆ తర్వాతి మాట. ఆ వరస తిరగబడితే డబ్బూ పోతుంది, ఏడాదీ పోతుంది.

ముందు ఈ ఉద్యోగాలు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూద్దాం. జీడీపీలో ప్రతి రూపాయికీ వెలువడే ఉద్గారాలను 2005తో పోలిస్తే 2030 నాటికి 45 శాతం తగ్గిస్తామని భారత్ 2022లో ప్రపంచానికి మాటిచ్చింది. 2070కల్లా నికర సున్నాకు (వెలువడేదీ, తిరిగి పీల్చుకునేదీ సమానం కావడం) చేరతామని అంతకు ముందు ఏడాది గ్లాస్గోలో ప్రకటించింది. ఇళ్లు, రోడ్లు, పరిశ్రమలు ఇంకా పెరగాల్సిన దేశం మనది. అందుకే మొత్తం ఉద్గారాలకు ఇప్పుడే పరిమితి పెట్టకుండా, ఒక్కో టన్ను ఉత్పత్తికి ఎంత వెలువడుతోందో చూసి దాన్ని తగ్గించే దారి ఎంచుకున్నాం. ఉద్యోగాలు పుట్టేది ఆ ‘ఒక్కో టన్నుకు’ అన్న లెక్కలోంచే.

2012లో మొదలైన ‘పాట్’ (పర్‌ఫార్మ్, అచీవ్ అండ్ ట్రేడ్) పథకం తొలి విడతలో 478 పెద్ద పరిశ్రమలకు ఇంధన పొదుపు లక్ష్యాలు ఇచ్చారు. ఇంధన పొదుపు చట్టాన్ని 2022లో సవరించి, 2023లో కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ పథకాన్ని నోటిఫై చేశారు. 2025 అక్టోబరులో సిమెంటు, అల్యూమినియం, క్లోర్-ఆల్కలీ (కాస్టిక్ సోడా, క్లోరిన్), కాగితం రంగాల యూనిట్లకు ఉద్గార లక్ష్యాలు వచ్చాయి. 2023-24 నాటి స్థాయితో పోల్చి ఏటా కొంత తగ్గించాలి. ఉదాహరణకు ఏటా 20 లక్షల టన్నుల సిమెంటు చేసే ప్లాంటుకు టన్నుకు 0.60 టన్నుల కార్బన్ డయాక్సైడ్ లక్ష్యం ఉందనుకోండి. 0.59కి దిగితే టన్నుకు ఒకటి చొప్పున అమ్ముకోగల 20 వేల క్రెడిట్లు చేతికొస్తాయి. 0.61 దగ్గర ఆగితే 20 వేల క్రెడిట్లు కొనాలి. కొనకపోతే మార్కెట్ సగటు ధరకు రెట్టింపు పరిహారం కట్టాలి. రెండో దశాంశ స్థానంలో ఒక్క అంకె తేడాకు ఇంత డబ్బు కదులుతుంది కాబట్టే ఆ లెక్క కట్టేవాళ్లూ, దాన్ని సరిచూసేవాళ్లూ కావాలి. దీనికి తోడు యూరప్ తన సరిహద్దు కార్బన్ నిబంధనను (దిగుమతుల ఉద్గారాలకూ వెల కట్టేది) 2026 జనవరి నుంచి పూర్తిగా అమల్లోకి తెచ్చింది. అక్కడికి ఉక్కు, అల్యూమినియం పంపే మన ఎగుమతిదారులకూ ఈ లెక్క తప్పనిసరైంది.

ఈ విషయంలో మీరు ఉంటున్న చోటే ఒక సౌలభ్యం. హుజూర్‌నగర్, మేళ్లచెరువు, మఠంపల్లి చుట్టూ ఉన్నవి సిమెంటు ఫ్యాక్టరీలే. కాబట్టి సిమెంటు లెక్కే చెబుతాను, అమ్మాయికి చూపించండి. సున్నపురాయి కిల్న్‌లో సున్నంగా మారేటప్పుడు టన్ను క్లింకర్‌కు (కిల్న్‌లోంచి వచ్చే గడ్డలు, వీటిని పొడి చేస్తేనే సిమెంటు) సుమారు 0.52 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఇది రాయిలోంచే వచ్చేది, ఏ ఇంధనం వాడినా తగ్గదు. టన్ను క్లింకర్‌కు 7.5 లక్షల కిలోకేలరీల వేడి కావాలనుకుంటే బొగ్గు వల్ల మరో 0.30 వస్తుంది. మొత్తం 0.82. 95 శాతం క్లింకర్ ఉండే ఓపీసీ (సాధారణ పోర్ట్‌లాండ్) సిమెంటుకు కరెంటు కూడా కలిపితే టన్నుకు 0.83 దాకా తేలుతుంది. 30 శాతం ఫ్లైయాష్ (బొగ్గు బూడిద) కలిపిన పీపీసీ సిమెంటుకు 0.58 చాలు. ఇక్కడ ఇంజినీరు ఎక్కువగా పనిచేయాల్సింది క్లింకర్ వాటా మీద. సోలార్ ప్యానెళ్ల ఫొటోలు బాగుంటాయి గానీ, కరెంటు వాటా టన్నుకు 0.05 దగ్గరే.

ఇక లెక్క ఎక్కడ చెడుతుందో చూడండి. ఒక ప్లాంటు 10 వేల టన్నుల బొగ్గు కాల్చింది. ల్యాబ్ రిపోర్టులో జీసీవీ (కిలో బొగ్గు కాలితే వచ్చే మొత్తం వేడి) 5,500 కిలోకేలరీలు అని ఉంది. కొత్తగా చేరినవారు దాన్నే తీసుకుని, గిగాజౌల్ వేడికి 96 కిలోల కార్బన్ డయాక్సైడ్ అనే ఉద్గార గుణకంతో గుణించేస్తారు. 22,100 టన్నులు వస్తుంది. కానీ ఆ 5,500 గాలికి ఆరబెట్టిన నమూనాది, అందులో తేమ 6 శాతమే. కిల్న్‌కు వెళ్లిన బొగ్గులో తేమ 14 శాతం. ఆ తేమకు సవరిస్తే జీసీవీ 5,030కి దిగుతుంది. పైగా ఆ ఉద్గార గుణకం వాడాల్సింది ఎన్‌సీవీతో, అంటే నిజంగా చేతికందే వేడితో. నీటి ఆవిరి పట్టుకుపోయే వేడిని, హైడ్రోజన్ 3.5 శాతం అనుకుని తీసేస్తే 4,770 దగ్గర తేలుతుంది. ఇప్పుడు ఉద్గారాలు సుమారు 19,170 టన్నులు. ఒకే బొగ్గు, ఒకే రిపోర్టు, దాదాపు 3 వేల టన్నుల తేడా! ఇలాంటివి ఇంకా ఉన్నాయి. సొంత పవర్ ప్లాంటు బొగ్గును ఒకసారి, అక్కడి కరెంటును గ్రిడ్ కరెంటులా మరోసారి లెక్కేయడం. వే బ్రిడ్జి (లారీ తూకం) అంకెకూ బెల్ట్ వేయర్ (బెల్టు మీద వెళ్లే సరుకు తూకం) అంకెకూ పొంతన లేకపోయినా వదిలేయడం. ఏడాది మొదట్లో, చివర్లో ఉన్న క్లింకర్ నిల్వలను మరచిపోవడం. మున్సిపల్ చెత్తతో చేసిన ఆర్‌డీఎఫ్ ఇంధనాన్ని పూర్తిగా జీవ ఇంధనమని సున్నా వేయడం. అందులోని ప్లాస్టిక్ కాలితే వచ్చేది శిలాజ కార్బనే మరి. ప్లాంటులో తిరిగినవాళ్లకు ఇవి చప్పున తడతాయి, స్లైడ్లు మాత్రమే చూసినవాళ్లకు తట్టవు.

అసలు విలువున్న అర్హత బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ (బీఈఈ) నిర్వహించే జాతీయ పరీక్ష. ఎనర్జీ మేనేజర్‌కి మూడు పేపర్లు, ఎనర్జీ ఆడిటర్‌కి నాలుగు. నాలుగోది పుస్తకం చూసి రాసేది, తేలికనుకుని దాని దగ్గరే చాలామంది తడబడతారు. ఆడిటర్‌కి బీటెక్ తర్వాత మూడేళ్ల అనుభవం కావాలి, డిప్లొమా అయితే ఆరేళ్లు. రాసే ఏడాది నోటిఫికేషన్‌లో అర్హతలు మరోసారి సరిచూసుకోండి. ఈ పరీక్షకు బీఈఈ తయారుచేసిన నాలుగు గైడ్ పుస్తకాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఉద్గారాల లెక్కకు ఐపీసీసీ (ఐరాస వాతావరణ నిపుణుల బృందం) ఇచ్చిన 2006 మార్గదర్శకాలూ ఉచితమే. మీరు చెప్పిన కోర్సులకు చట్టంలో ఏ గుర్తింపూ లేదు. లక్ష్యాలున్న పెద్ద పరిశ్రమలు ఎనర్జీ మేనేజర్‌ను పెట్టుకోవాలని చట్టమే చెబుతోంది. ఆ కుర్చీకి అడిగేది బీఈఈ అర్హతనే.

కాబట్టి నా సలహా ఇది. క్యాంపస్‌లో సిమెంటు, కాగితం, ఎరువులు, ఉక్కు ప్లాంటుల ప్రొడక్షన్ లేదా యుటిలిటీ (ఆవిరి, కరెంటు, నీరు చూసే) విభాగంలో ట్రెయినీగా అవకాశం వస్తే వదలొద్దు. మొదటి మూడేళ్లు అక్కడే గడపాలి. ఎనర్జీ ఆడిట్ చేసే చిన్న సంస్థలో చేరినా మంచిదే, ఏడాదిలో పది రకాల ఫ్యాక్టరీలు చూడొచ్చు. పైచదువు మీద ఆసక్తి ఉంటే గేట్ రాసి ఐఐటీ బాంబేలోనో, ఎన్ఐటీ తిరుచిరాపల్లిలోనో ఎనర్జీ ఎంటెక్ చేయొచ్చు.

ఆఖరి ఏడాది ప్రాజెక్టును మాత్రం వృథా కానివ్వకండి. కొన్న రిపోర్టు సమర్పించే బదులు మిర్యాలగూడలో ఊక బాయిలర్ ఉన్న ఒక రైస్ మిల్లును ఒప్పించి, ఎనిమిది గంటలు అక్కడే ఉండి సామర్థ్యం కొలవమనండి. ఊక తూకం, బాయిలర్‌లోకి వెళ్లిన నీరు, ఆ నీటి ఉష్ణోగ్రత, ఆవిరి పీడనం, ఈ నాలుగు అంకెలు, ఊక కెలోరిఫిక్ వాల్యూ (కిలో ఊక కాలితే వచ్చే వేడి) ఉంటే చాలు. ఉదాహరణకు 4,800 కిలోల ఊక కాలిస్తే 16 వేల కిలోల ఆవిరి వచ్చిందనుకోండి. నీరు 60 డిగ్రీల దగ్గర లోపలికి వెళ్లి, పీడనం చదరపు సెంటీమీటరుకు 10 కిలోలుంటే కిలో ఆవిరికి సుమారు 604 కిలోకేలరీలు చేరాయన్నమాట. ఊక కెలోరిఫిక్ వాల్యూ 3,100 కిలోకేలరీలయితే సామర్థ్యం 65 శాతం. మధ్యలో బ్లోడౌన్ తీస్తే (లవణాలు పేరుకోకుండా బాయిలర్ నీటిని కొంత బయటికి వదలడం), బయటికి పోయిన నీటిని కూడా ఆవిరిగా లెక్కేసే ప్రమాదం ఉంది. కాబట్టి ఆ ఎనిమిది గంటలూ బ్లోడౌన్ ఆపొచ్చా అని బాయిలర్ ఆపరేటర్‌ను ముందే అడగాలి. కుదరదంటే ఎంత నీరు పోయిందో కొలిచి తీసేయాలి. ఊకను ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం మూడుసార్లు తీసుకుని తేమ చూడాలి. ఊక జీవ ఇంధనం, దాని కార్బన్ ఎలాగూ లెక్కలోకి రాదు. కానీ నేర్చుకునే పద్ధతి బొగ్గుకూ అదే. ఇంటర్వ్యూలో ఈ నాలుగు అంకెలను వివరించగలిగితే ఆ సర్టిఫికెట్ కంటే ఎక్కువ విలువ.

జీతం గురించి దాచను. మొదటి రెండు మూడేళ్లు మంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కంటే తక్కువే ఉంటుంది. షిఫ్టులుంటాయి, దుమ్ము ఉంటుంది, ఆడిట్ సంస్థ అయితే నెలలో సగం రోజులు ప్రయాణాలు. ఆఫర్ వచ్చాక మూడు విషయాలు కచ్చితంగా అడగమనండి. కాలనీలో వసతి ఇస్తారా? రాత్రి షిఫ్టు ఉంటే రవాణా ఎవరు చూస్తారు? ప్లాంటులో బీఈఈ అర్హత ఉన్న సీనియర్ ఉన్నారా? మూడో దానికి లేరని జవాబొస్తే, ఆ ఆఫర్ పక్కన పెట్టి ఇంకో ప్లాంటు చూసుకోవడం మేలు.