యాక్సిలరేటర్ వదిలితే వెనక నుంచి కూత: లారీ వెనక యాక్సిల్ హౌసింగ్‌పై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మాది ఆరు చక్రాల లారీ. వెనక హౌసింగ్‌లోని పినియన్ (క్రౌన్ అనే పెద్ద పళ్ల చక్రాన్ని తిప్పే చిన్న పళ్ల చక్రం) దగ్గర ఆయిల్ కారుతుంటే ఆటోనగర్‌లో సీల్ మార్పించాం. అప్పట్నుంచి ఔటర్ రింగ్ రోడ్డు మీద 50–60 వేగంలో కాలు తీయగానే వెనక గుయ్యిమని కూత వస్తోంది. తొక్కితే తగ్గుతోంది. క్రౌన్, పినియన్ సెట్ మొత్తం మార్చాలంటున్నారు. తప్పదా?
– లారీ యజమాని, హయత్‌నగర్

జవాబు: సెట్ కొనడానికి తొందరపడకండి. సీల్ మార్చాక మొదలైంది, అదీ కాలు తీసినప్పుడే వస్తోంది. ఇలాంటప్పుడు ముందు చూడాల్సింది పినియన్ నట్టునూ, బేరింగులనూ. బండి లాగేటప్పుడు పినియన్ బయటికి, అంటే గేర్‌బాక్స్ నుంచి వచ్చి దాన్ని తిప్పే ప్రొపెల్లర్ షాఫ్ట్ వైపు నెట్టుకుంటుంది. కాలు తీస్తే చక్రాలే ఇంజన్ను తిప్పుతాయి కాబట్టి పినియన్ క్రౌన్ వైపు జరగాలని చూస్తుంది. దాన్ని ఆపేది నట్టు వైపున్న చిన్న బేరింగ్. సీల్ మార్చడానికి ఆ నట్టు విప్పక తప్పదు. తిరిగి సరిగ్గా బిగించకపోతే పినియన్ కొద్దిగా లోపలికి జరిగి పళ్లు కలవాల్సిన చోట కలవవు.

చూసే పద్ధతి చెబుతాం. మొదట బండిని సమతలంగా నిలిపి, చల్లారాక ఫిల్లర్ ప్లగ్ (హౌసింగ్‌లో ఆయిల్ పోసే రంధ్రం మూత) విప్పండి. ఆయిల్ రంధ్రం కింది అంచు దాకా ఉండాలి. సీల్ కారినన్నాళ్లూ పోయిన ఆయిల్ తిరిగి నింపకుండా వదిలేస్తుంటారు. మట్టం తగ్గితే ముందు ఎండేది ఆ నట్టు వైపు బేరింగే. బ్రీదర్ (హౌసింగ్ లోపలి గాలి బయటికి పోయే రంధ్రం) కూడా ఊది చూడండి. అది మట్టితో మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి కొత్త సీల్ కూడా కారుతుంది.

తర్వాత ముందు చక్రాలకు రెండు పక్కలా దిమ్మలు పెట్టి, ప్రొపెల్లర్ షాఫ్ట్‌కు గుర్తు గీసి వెనక ఫ్లేంజ్ (పినియన్‌కు బిగించి ఉండే పళ్లెం లాంటి భాగం) దగ్గర విప్పండి. చక్రాలను తిప్పే యాక్సిల్ షాఫ్టులు రెండూ బయటికి లాగేయండి. పెద్ద లారీల్లో హబ్ మీదున్న షాఫ్ట్ బోల్టులు విప్పితే చాలు, చక్రం ఎత్తనక్కర్లేదు. కాకపోతే అప్పుడు గేరు బండిని ఆపదు కాబట్టి దిమ్మల విషయంలో రాజీ వద్దు. ఇప్పుడు ఫ్లేంజ్‌ను రెండు చేతులతో పట్టుకుని ముందుకూ వెనక్కీ, కిందికీ పైకీ లాగండి. గుండ్రంగా తిప్పినప్పుడు కాస్త ఆట ఉండటం మామూలే, అది పళ్ల మధ్య ఖాళీ. ముందు వెనకల ఆట మాత్రం పిసరంత కూడా ఉండకూడదు. ఉంటే ప్రీలోడ్, అంటే బేరింగులను ఆట లేకుండా పట్టి ఉంచే బిగువు, పోయినట్టే. ఆట లేకపోయినా తిప్పుతుంటే ఇసుక నలిగినట్టు గరగరమంటే బేరింగ్ పోయింది.

నట్టు సడలిందని తేలితే స్పానర్‌కు పైపు తగిలించి అందాజాగా బిగించవద్దు. గట్టి స్పేసర్ (రెండు బేరింగుల మధ్య ఉండే గొట్టం) ఉన్న బండ్లలో మాన్యువల్‌లోని టార్క్ మేరకు బిగించాలి. అప్పటికీ ఆట మిగిలితే బేరింగులు తీసి చూడాలి. చిన్న బండ్లలో చాలావాటికి నలిగే స్పేసర్ ఉంటుంది. అది ఎక్కువ నలిగాక నట్టు వెనక్కి తిప్పితే లాభం లేదు, స్పేసర్ కొత్తది వేయాల్సిందే. అతిగా బిగిసిన బేరింగ్ హౌసింగ్ మూతిని వేడెక్కించి త్వరలోనే కాలిపోతుంది.

పని ఒప్పుకునే ముందు పాత ఆయిల్ మీ కళ్ల ముందే దింపించండి. ప్లగ్ అయస్కాంతానికి నల్లటి మెత్తని జిగురు అంటితే భయం లేదు. మెరిసే పెచ్చులు, పళ్ల ముక్కలు కనిపిస్తే అప్పుడు సెట్ మాట ఆలోచించాలి. ఆయిల్ పాలలా తెల్లబడితే నీళ్లు చేరాయని అర్థం, వానల్లో మునిగిన రోడ్ల మీద తిరిగే బండ్లలో ఇది మామూలే.

ప్రశ్న: కొత్త క్రౌన్, పినియన్ వేయించినా లాగేటప్పుడు కూత పోలేదు. తిరగగా తిరగగా సర్దుకుంటుందా?
– పటాన్‌చెరు పాఠకుడు

జవాబు: సర్దుకోదు. పళ్లు తప్పు చోట కలుస్తున్నాయి, అలాగే తిప్పితే కొత్త సెట్ కూడా పాడవుతుంది. విప్పించి, క్రౌన్ పళ్లకు ప్రష్యన్ బ్లూ (పళ్లు ఎక్కడ కలుస్తున్నాయో చూపే నీలి రంగు) పల్చగా రాసి, క్రౌన్‌ను చెక్కతో కాస్త అడ్డుకుంటూ పినియన్ తిప్పమనండి. రంగు చెరిగిన మచ్చ పంటి మధ్యలో ఉండాలి. వేరుకు దిగితే పినియన్ లోతుగా కూర్చుంది, కొసకు ఎక్కితే తక్కువ లోతులో ఉంది. షిమ్ములతో (పల్చటి రేకులతో) సరిచేయాలి. పంటి సన్నటి చివరకు జరిగితే పళ్ల మధ్య ఖాళీ తక్కువ, వెడల్పు చివరకు జరిగితే ఎక్కువ. అది క్రౌన్‌ను అటూ ఇటూ జరిపే పక్క రింగులతో సర్దుకునేది. డయల్ గేజ్‌తో ఖాళీ ఒకచోట కాదు, క్రౌన్ చుట్టూ నాలుగు చోట్ల కొలవాలి. ఎంత ఉండాలో మీ మోడల్ మాన్యువల్ చెబుతుంది. రెండిటి మీదా చెక్కిన జత నంబరు ఒకటేనా అన్నది కూడా చూడండి. పాత క్రౌన్‌కు కొత్త పినియన్ జతచేస్తే ఎంత సర్దినా కూత పోదు.

ప్రశ్న: తిన్నగా పోతే చప్పుడు లేదు. మలుపులో మాత్రం వెనక టకటకమంటోంది.
– మేడ్చల్ పాఠకుడు

జవాబు: తిన్నగా పోయేటప్పుడు స్టార్ పినియన్లు (మలుపులో రెండు పక్కల చక్రాలు వేర్వేరు వేగంతో తిరగనిచ్చే చిన్న పళ్ల చక్రాలు) తమ చుట్టూ తాము తిరగవు, మలుపులోనే తిరుగుతాయి. వాటి పళ్లు, వాటి వెనక వాషర్లు, వాటిని మోసే క్రాస్ (శిలువ ఆకారపు ఇరుసు) అరిగాయేమో చూపించండి. అయితే గుమ్మనే రొద వస్తూ, ఒక పక్కకు తిరిగినప్పుడే పెరుగుతుంటే అది హబ్ బేరింగ్ కావచ్చు. హౌసింగ్ విప్పకముందే దాన్ని చూడండి.