ఉత్తర నార్వేలోని ట్రోమ్సోకు వస్తున్న మా అమ్మలుకు

అమ్మలూ,

సీటు వచ్చిందని తెలిసిన దగ్గర్నుంచి మీ అమ్మ ఫోన్‌లో ఒకటే గోల, అక్కడ రెండు నెలలు సూర్యుడే కనబడడటగా, పిల్ల ఎలా ఉంటుందే అని. నువ్వు కూడా కంగారుపడకు. చీకటికి అందరూ ముందే భయపడి సిద్ధమయ్యే వస్తారు. నన్నడిగితే అసలు దెబ్బ కొట్టేది మే నెల వెలుతురు, దాని సంగతి తర్వాత.

నవంబర్ 27 ప్రాంతం నుంచి జనవరి 15 దాకా ఇక్కడ పొద్దు పొడవదు. అలాగని రోజంతా చిమ్మచీకటి అనుకోకు. మబ్బు లేని రోజు పదకొండు నుంచి ఓ రెండు గంటలు ఆకాశమంతా నీలంగా, మన ఊళ్లో కోడి కూసే వేళలా ఉంటుంది. క్లాసున్నా ల్యాబున్నా ఆ టైమ్‌లో అరగంట బయట నడువు. మొదటి ఏడాది నేను చేసిన తప్పు అదే, చలికి జడిసి ఇంట్లోనే కూర్చున్నా. తీరా చూస్తే చలి అంత ఘోరమేం కాదు, సముద్రంలో వెచ్చటి ప్రవాహం పుణ్యమా అని జనవరిలో సగటున మైనస్ మూడు నాలుగు డిగ్రీలే. కానీ ఆ డిసెంబర్‌కి నా పని ఎలా అయిందంటే, పదకొండింటికి లేవడం, రాత్రి మూడింటికి పప్పు తాలింపు వేసుకోవడం, ఎవరైనా బాగున్నావా అంటే చాలు ఏడుపు.

అప్పట్నుంచీ కిటికీలోకి చూసి లేవడం మానేశాను, గడియారం ఏడన్నదంటే ఏడే. లేచిన గంటలోపు పదివేల లక్స్ వెలుతురిచ్చే దీపం ముందు ఓ అరగంట కూర్చుని కాఫీ తాగుతా, దాన్ని సూటిగా చూడను, కాస్త పక్కకి పెట్టుకుంటా. సాయంత్రం పెట్టావో, నిద్ర గోవిందా. కంటి జబ్బేదైనా ఉంటే మాత్రం ముందు డాక్టర్ని అడుగు. మన చామనఛాయ ఒంటికి విటమిన్ డి తయారవ్వాలంటే ఎండ ఎక్కువ కావాలి, అదేమో ఇక్కడ దొరకదు, కాబట్టి రాగానే రక్తపరీక్ష చేయించుకో. ఇక్కడివాళ్లు పేరులో 'ర' ఉన్న నెలలన్నీ కాడ్ చేప కాలేయం నూనె తాగుతారు. నాకు ఆ వాసన పడదు, మాత్రలతో సరిపెట్టుకుంటా. మంచు మీద జారకుండా బూట్లకు తగిలించుకునే ముళ్లు, చీకట్లో బండి లైటు పడితే మెరిసేలా కోటుకు వేలాడే రెఫ్లెక్స్ బిళ్ల వచ్చిన వారమే కొను, డబ్బు చూసుకోకు.

సంక్రాంతి రోజుల్లోనే సూర్యుడు తిరిగొస్తాడు, ఉత్తరాయణం అంటే ఏమిటో నాకు ఇక్కడే తెలిసింది. కొండలు అడ్డం కాబట్టి ఊళ్లోవాళ్లకు కనిపించేది మాత్రం జనవరి 21న. ఆ రోజు అందరూ జామ్ పెట్టి నూనెలో వేయించిన బన్నులు తింటారు, నేను వారం ఆలస్యంగా అరిసెలు వండుతా.

అక్కణ్నుంచి పగలు రోజుకు సగటున పది నిమిషాలకు పైగా పెరుగుతూ పోతుంది. మన విజయవాడలో ఏడాది మొత్తానికీ పగటి పొడుగులో తేడా రెండు గంటలే కదా, అలాంటి ఒళ్లు దీన్ని తట్టుకోవాలి మరి. మే 20 నుంచి జులై 22 దాకా సూర్యుడు అస్తమించనే అస్తమించడు. ఒంట్లోకి ఎక్కడలేని హుషారు వస్తుంది, అలసట తెలీదు, నాలుగు గంటల నిద్రతో వారం లాగించి ఎనిమిదో రోజు కూలబడతావు. నా మొదటి వేసవిలో ఇంకా సాయంత్రమే అనుకుని వాక్యూమ్ క్లీనర్ తిప్పుతున్నా, పక్కింటామె తలుపు తట్టి, ఏమీ అనకుండా తన చేతి గడియారం చూపించింది. పదకొండున్నర! అందుకే ఇప్పుడు లేవడానికి కాదు, పడుకోవడానికి అలారం పెట్టుకుంటా. తొమ్మిదయ్యేసరికి కర్టెన్లు మూసేయాలి.

అద్దె గదుల్లో పల్చటి కర్టెన్లే ఉంటాయి. వచ్చిన రోజే కిటికీ కొలతలు తీసి పంపు, నా దగ్గర మందపాటి నల్లది ఒకటి అదనంగా ఉంది. బియ్యప్పిండి కూడా ఓ రెండు కిలోలు తెచ్చిపెట్టు.

పిన్ని