పాత ఇంజను ఆయిల్‌ను ఇంధనంగా శుద్ధి చేయడానికి ఏ పంపు, ఏ ఫిల్టరు?

రణస్థలం దగ్గర హైవే పక్కన లారీ షెడ్డు నడుపుతున్నామని, నెలనెలా పోగయ్యే పాత ఇంజను ఆయిల్‌ను వడగట్టి షెడ్డులోని జనరేటరుకూ, అల్యూమినియం కరిగించే కొలిమికీ వాడుకోవాలని ఉందని, అందుకు ఎన్ని మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఫిల్టరు, ఎన్ని హార్స్‌పవర్ల పంపు కొనాలని మీరు అడిగారు. విజయనగరం దగ్గర మాకున్న చిన్న ఇత్తడి పోత కార్ఖానాలో, కాలుష్య నియంత్రణ మండలి అనుమతితో, కొన్నేళ్ళుగా కొలిమిని ఈ ఆయిల్‌తోనే మండిస్తున్నాం కాబట్టి అనుభవంలో తేలిన సంగతులు రాస్తున్నాను. మైక్రాన్ల లెక్క చివర రావలసిన ప్రశ్న. ఆయిల్ ఎక్కడ మండుతుందన్నది ముందు తేలాలి. దాన్ని ఎంత వేడి చేసి, ఎంతకాలం కదపకుండా ఉంచగలరన్నది ఆ తరువాత చూసుకోవాలి. ఈ రెండూ తేలితే పంపు, ఫిల్టరు ఎంచుకోవడం పెద్ద పని కాదు.

కొలిమికీ జనరేటరుకూ ఒకే శుద్ధి సరిపోదు. గాలి ఒత్తిడితో ఆయిల్‌ను తుంపర చేసే బర్నరులో ఆయిల్ దారి వెడల్పుగా ఉంటుంది కనుక 50 మైక్రాన్ల నలుసు కూడా అందులో ఇరుక్కోకుండా వెళ్ళిపోయి మంటలో కలుస్తుంది. డీజిల్ ఇంజను ఇంజెక్షన్ పంపులో డీజిల్‌ను నెట్టే ప్లంజరుకూ, అది కదిలే బ్యారెల్‌కూ మధ్య ఖాళీ కొద్ది మైక్రాన్లకు మించదు. నలుసుల సంగతి ఎలాగో చూసుకున్నా, ఇంజను ఆయిల్ తయారీలో కలిపే జింకు, ఫాస్ఫరస్, కాల్షియం సమ్మేళనాలు ఆయిల్‌లో కలిసిపోయి ఉంటాయి కాబట్టి ఏ ఫిల్టరూ వాటిని ఆపలేదు; అవి మండినప్పుడు బూడిదై వాల్వుల మీద, పిస్టన్ రింగుల గాడుల్లో, ఇంజెక్టరు మూతి దగ్గర పేరుకుంటాయి. డీజిల్‌ను చాలా ఎక్కువ ఒత్తిడితో చిమ్మే కామన్ రైల్ ఇంజనులో అయితే ఈ ఆయిల్ పోయాలన్న ఆలోచనే వద్దు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస వైపు తీరం దాటిన తరువాత మీ జిల్లాలో ఎన్ని ఊళ్ళు రోజుల తరబడి కరెంటు లేకుండా ఉన్నాయో మీకూ తెలుసు. అలాంటి రోజున ఆదుకోవలసిన జనరేటరును డీజిల్‌కే వదిలేసి, పాత ఆయిల్‌ను కొలిమి వరకే ఉంచుకోమని నా సలహా. ఇక ముందు రాసేదంతా కొలిమిని దృష్టిలో పెట్టుకునే.

శుద్ధిలో ఎక్కువ పని చేసేవి వేడి, నిలకడ. నలుసు అడుగుకు దిగే వేగం ఆయిల్ పలచబడినకొద్దీ పెరుగుతుంది. నలుసు పరిమాణం పదో వంతైతే ఆ వేగం నూరో వంతుకు పడిపోతుంది. లారీలలో మామూలుగా పోసే 15డబ్ల్యు-40 ఆయిల్ చిక్కదనం 40 డిగ్రీల వద్ద 110 సెంటీస్టోకుల దగ్గర ఉంటే, 70 డిగ్రీలకు అది సుమారు మూడో వంతుకు తగ్గుతుంది. అంటే 70 డిగ్రీల వేడిలో ఒక రోజు నిలిపితే 40 డిగ్రీల దగ్గర మూడు రోజులు నిలిపినంత ఫలితం వస్తుంది. 200 లీటర్ల పీపాను 30 నుంచి 70 డిగ్రీలకు తేవడానికి దాదాపు నాలుగు యూనిట్ల కరెంటు పడుతుంది, పీపా చుట్టూ గ్లాస్‌వూల్ చుట్టకపోతే ఇంకా ఎక్కువ. హీటరు ఉపరితలం పెద్దదిగా, ఒక్కో చదరపు సెంటీమీటరు మీద రెండు వాట్లకు మించకుండా ఉండాలి. నీళ్ళు కాచే హీటరును ముంచితే దాని ఒంటి మీద ఆయిల్ మాడి బొగ్గు కడుతుంది. హీటరు ఎప్పుడూ ఆయిల్‌లో మునిగే ఉండాలి. వేడి 100 డిగ్రీలకు ఎక్కకుండా థర్మోస్టాట్ తప్పనిసరి, ఎందుకంటే అడుగున చేరిన నీరు ఒక్కసారిగా ఆవిరైతే పీపాలోని ఆయిల్ నురగతో పొంగి బయటికి చిమ్ముతుంది. నీరు, మడ్డి దించుకోవడానికి అడుగున ఒక కుళాయి, మంచి ఆయిల్ తీయడానికి అడుగుకు ఒక జానెడు పైన మరొక కుళాయి పెట్టించండి.

ఇప్పుడు పంపు. ఇంట్లో నీళ్ళకు వాడే మోనోబ్లాక్ సెంట్రిఫ్యూగల్ పంపు దీనికి పనికిరాదు: చిక్కటి ఆయిల్‌లో దాని ఒత్తిడి, ప్రవాహం రెండూ పడిపోతాయి, పైగా దాని రెక్కలు అడుగు నీటిని ఆయిల్‌లో చిలికి మజ్జిగలా చేస్తాయి, అలా కలిసిన నీరు మళ్ళీ విడిపోవడానికి రోజులు పడుతుంది. డీజిల్ నింపడానికి అమ్మే 12 వోల్టుల వేన్ పంపులు వెచ్చటి ఆయిల్‌తో కొంతకాలం నడుస్తాయి కానీ డిసెంబరు తెల్లవారుజామున చిక్కబడిన ఆయిల్‌ను లాగలేక మోటారు కాలుతుంది. మిగిలినవి పళ్ళ చక్రాలతో ఆయిల్‌ను తోసే గేర్ పంపు, గాలితో రెండు పొరలను ముందుకూ వెనక్కూ కదిలించి తోసే డబుల్ డయాఫ్రం పంపు.

గేర్ పంపు చిక్కటి ద్రవానికే పుట్టింది. నిమిషానికి పది లీటర్లు, నాలుగు బార్ల ఒత్తిడి అనుకున్నా ఆయిల్‌ను తోయడానికి కావలసిన శక్తి 70 వాట్లకు లోపే కాబట్టి, రాపిడి నష్టాలు, చల్లటి ఆయిల్ కలుపుకున్నా అర హార్స్‌పవర్ మోటారు చాలు. ఒక హార్స్‌పవర్ కొనమని దుకాణదారు చెప్పినా ఒప్పుకోనక్కరలేదు. వేగం విషయంలో మాత్రం పట్టుబట్టండి. 1440 తిరుగుళ్ళ మోటారును నేరుగా కలపకుండా బెల్టు, పుల్లీలతో పంపును 700 దగ్గరికి దించితే గేర్ల అరుగుదల బాగా తగ్గుతుంది. ఎదురుగా ఫిల్టరు మూసుకుపోయినా గేర్ పంపు తోస్తూనే ఉంటుంది కాబట్టి ఒత్తిడి మీరితే తెరుచుకునే రిలీఫ్ వాల్వు లేని పంపు కొనవద్దు. ఆ వాల్వు వదిలే ఆయిల్ పంపు నోటికే తిరిగి చేరితే అదే ఆయిల్ అక్కడక్కడే తిరిగి వేడెక్కుతుంది కనుక దాన్ని పైపు వేసి పీపాలోకి మళ్ళించండి. సీళ్ళు నైట్రైల్ రబ్బరువో, వైటాన్‌వో కావాలి. ఈపీడీఎం రబ్బరు ఆయిల్‌లో ఉబ్బి చెడుతుంది. మీలాంటి షెడ్లలో పాత లారీ ఇంజను ఆయిల్ పంపును విప్పి మోటారుకు కట్టడం చూశాను. అదీ గేర్ పంపే, పని చేస్తుంది, అయితే ఇంజను బయట దాని షాఫ్టు దగ్గర ఆయిల్ కారకుండా సీలు ఏర్పాటు చేసుకోవాలి.

మీ దగ్గర టైర్లకు గాలి పట్టే కంప్రెసరు ఎలాగూ ఉంటుంది కనుక, మురికి ఆయిల్‌ను ఫిల్టరు గుండా తోయడానికి డయాఫ్రం పంపే మేలంటాను. ధర ఎక్కువే, కానీ నలుసులు దానిని గేర్లంత త్వరగా అరగదీయవు, మోటారు లేదు కనుక నిప్పురవ్వ భయం తక్కువ, ఫిల్టరు మూసుకుపోతే ఇచ్చిన గాలి ఒత్తిడి దగ్గరే ఆగిపోతుంది. దాని దెబ్బకు దెబ్బకు వచ్చే ఊపు, నలుసులను ఫిల్టరు గుండా అవతలికి నెట్టే అవకాశం ఉంది కాబట్టి గాలిని రెండు బార్లకు మించి ఇవ్వకండి. బర్నరుకు మాత్రం ఆయిల్ ఒకే తీరున అందాలి. అక్కడ చిన్న గేర్ పంపే సరైనది.

ఫిల్టరును పంపుకు ముందు కాకుండా తరువాత పెట్టండి. లాగే వైపు మనకు దొరికేది వాతావరణ పీడనం, అంటే ఒక్క బారు మాత్రమే. అక్కడ సన్న ఫిల్టరు పెడితే పంపు ఆయిల్‌కు బదులు పైపు జాయింట్ల గుండా గాలిని పీలుస్తుంది. లాగే వైపు 60 మెష్ జాలీ (అంగుళానికి 60 కన్నాలది) చాలు, పైపు లావుగా, పొట్టిగా ఉండాలి. తోసే వైపు మొదట పాలిస్టర్ ఫెల్ట్ సంచి, 50 మైక్రాన్లది, తరువాత 25 మైక్రాన్లది. కొలిమికి ఇంతకన్నా సన్నం అక్కరలేదు. పాలిప్రొపిలీన్ సంచులు చవకే కానీ 90 డిగ్రీల దగ్గర మెత్తబడతాయి. నీళ్ళ ఫిల్టర్ల పారదర్శక ప్లాస్టిక్ డబ్బాలు వేడి ఆయిల్‌కు బీటలు వారతాయి.

ఫిల్టరు మీద రాసిన అంకెను యథాతథంగా నమ్మకండి. నామినల్ 10 మైక్రాన్లు అన్నదానికి అందరూ ఒప్పుకున్న కొలత లేదు. బీటా నిష్పత్తి (ఫిల్టరుకు ముందున్న నలుసుల సంఖ్యను దాటిపోయినవాటి సంఖ్యతో భాగిస్తే వచ్చేది) ఇచ్చిన ఫిల్టరైతే లెక్క తెలుస్తుంది. 10 మైక్రాన్ల వద్ద బీటా 2 అంటే ఆ పరిమాణం, అంతకు పైబడిన నలుసుల్లో సగం అవతలికి పోతాయని, బీటా 200 అంటే 99.5 శాతం ఆగుతాయని అర్థం. ఇంకొక మాట: లారీ ఇంజను ఆయిల్ ఫిల్టర్లలో చాలావాటి లోపల బైపాస్ వాల్వు ఉంటుంది. ఫిల్టరు నిండగానే అది తెరుచుకుని మురికి ఆయిల్‌ను నిశ్శబ్దంగా వదిలేస్తుంది, ఎందుకంటే ఇంజనుకు ఆయిల్ లేకపోవడం కన్నా మురికి ఆయిలే నయం. మనకు ఆ అవసరం లేదు కాబట్టి, సంచికి బదులు ఇలాంటి ఫిల్టరు పెట్టదలిస్తే బైపాస్ లేని డీజిల్ ఫిల్టరే తీసుకోండి. డీజిల్ కన్నా ఈ ఆయిల్ ఎన్నో రెట్లు చిక్కన గనుక రాసిన ప్రవాహంలో పదో వంతు వస్తుందనుకుని పెద్ద సైజు ఎంచుకోండి. ముందొకటి, వెనకొకటి ప్రెషర్ గేజీ పెట్టి, రెండింటి తేడా ఒక బారు దాటగానే సంచినో, ఫిల్టరునో మార్చండి.

వడగట్టిన ఆయిల్ నల్లగానే ఉంటుంది. ఆ నలుపు ఒక మైక్రాన్ కన్నా చిన్నదైన మసి; ఆయిల్‌లో కలిపే డిస్పర్సెంట్ రసాయనాలు దాన్ని తేల్చి ఉంచుతాయి, ఫిల్టర్లకు అందదు. నిమిషానికి 6,000 తిరుగుళ్ళ సెంట్రిఫ్యూజ్ దానిలో కొంత తీస్తుంది కానీ కొలిమికి ఆ ఖర్చు దండగ. నీరు ఉందో లేదో తెలియాలంటే 150 డిగ్రీల పెనం మీద ఒక చుక్క వేయండి. చిటపటలాడితే ఇంకా నిలపాలి. పెట్రోలు, బ్రేక్ ఆయిల్, కూలెంట్, పాత ట్రాన్స్‌ఫార్మరు ఆయిల్ ఈ పీపాలో కలపనివ్వవద్దు. ఈ పొగ తగిలే చోట జీడిపప్పు ఆరబెట్టడం, బెల్లం వండడం వంటివి ఎవరు అడిగినా ఒప్పుకోకండి, అందులో లోహాలుంటాయి.

వాడిన ఆయిల్ 2016 నాటి నిబంధనల ప్రకారం ప్రమాదకర వ్యర్థం. బయట అమ్మితే అనుమతి ఉన్న రీసైక్లర్‌కే అమ్మాలి, సొంతంగా కాల్చాలన్నా ముందుగా కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి వెళ్ళి అనుమతి తీసుకోండి. పీపా అడుగున చేరిన మడ్డి, నిండిన ఫిల్టరు సంచులు కూడా అదే కోవలోకి వస్తాయి కాబట్టి వాటిని కాలువ గట్టున పడేయకుండా మూత ఉన్న డబ్బాలో దాచి, అలాంటి వ్యర్థాన్ని తీసుకునే అనుమతి ఉన్నవారికే అప్పగించండి.