గోడలో దాగే ఖర్చు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

కరెంటు, ప్లంబింగు, ఏసీ పనుల పరిమాణాలను ఎలా లెక్కగట్టాలి, వాటి అంచనా ఎలా వేయాలి అని అడుగుతూ గోదావరి జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: మేము మూడు పడకగదుల ఇల్లు కట్టుకుంటున్నాము. కరెంటు పనికి ఇద్దరిని అడిగితే ఒకరు పాయింటుకు ఇంత అన్నారు, మరొకరు చదరపు అడుగుకు ఇంత అన్నారు. మొత్తం వేసి చూస్తే పాయింటు లెక్క తక్కువగా కనబడుతోంది. ఈ రెండింటినీ ఎలా పోల్చుకోవాలి? (ఒక గృహస్థు, పాలకొల్లు)

జవాబు: ఆ రెండు రేట్లను ఉన్నవి ఉన్నట్టుగా పోల్చడం సాధ్యం కాదండి. పాయింటు అంటే ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ముందుగా కాగితం మీద రాయించుకోవాలి. కేంద్ర ప్రజాపనుల శాఖ పద్ధతిలో స్విచ్‌బోర్డు నుంచి దీపం లేదా ఫ్యాను దాకా ఉన్న పని పాయింటులోకి వస్తుంది. డీబీ (కరెంటును గదులకు పంచే డిస్ట్రిబ్యూషను బోర్డు) నుంచి స్విచ్‌బోర్డు దాకా వచ్చే సర్క్యూటు తీగను విడిగా మీటర్లలో కొలుస్తారు. మన ఊళ్ళలో కొందరు ఈ రెండింటినీ పాయింటులోనే కలిపి చెబుతారు, మరికొందరు సర్క్యూటు తీగ, మీటరు నుంచి డీబీకి వచ్చే మెయిను, ఎర్తింగు, డీబీలో పెట్టే ఎం.సి.బి.లు (లోడు ఎక్కువైతే కరెంటును ఆపేసే స్విచ్చులు) అన్నీ పని మొదలయ్యాక వేరే బిల్లుగా తెస్తారు. మీకు తక్కువగా కనబడిన మొత్తంలో ఇవి ఉన్నాయో లేదో అడగండి. ఏసీ, గీజరు ప్లగ్గులను మామూలు పాయింటుగా లెక్కిస్తున్నారా, రెండు పాయింట్లుగానా అన్నది కూడా అడగవలసిన మాటే.

ఇక తీగ పొడవు సంగతి. అంచనాల్లో ఎక్కువగా తప్పు జరిగేది ఇక్కడే కాబట్టి ఒక గదిని తీసుకుని వివరిస్తాను. ప్రతి వైపూ 12 అడుగులున్న చదరపు గది, తలుపు పక్కన మూలకు స్విచ్‌బోర్డు, అది నేల నుంచి 4 అడుగుల ఎత్తున ఉంది, శ్లాబు 10 అడుగుల ఎత్తున ఉంది. ఫ్యాను గది మధ్యలో ఉంటుంది. ప్లాను మీద స్కేలు పెట్టి కొలిస్తే మూల నుంచి మధ్యకు దాదాపు ఎనిమిదిన్నర అడుగులు వస్తాయి. ఫేజు, న్యూట్రలు, ఎర్తు మూడు తీగలకూ కలిపి ఇరవై అయిదున్నర అడుగులు అని రాసేస్తారు. కానీ బోర్డు నుంచి శ్లాబు దాకా నిలువుగా వెళ్ళే 6 అడుగులు ప్లానులో కనబడవు. రెండు కొసల్లో కనెక్షను కోసం వదిలే అడుగేసి కూడా కనబడదు. ఇవన్నీ కలిపితే ఒక్కొక్క తీగ పదహారున్నర అడుగులు, మూడూ కలిసి నలభై తొమ్మిదిన్నర అడుగులు, అంటే సుమారు 15 మీటర్లు అవుతుంది. ప్లానును మాత్రమే చూసి వేసిన అంచనాలో దాదాపు సగం తీగ లెక్కలోకి రాలేదన్నమాట. అందుకే ప్లానుతో పాటు బోర్డుల ఎత్తులు రాసిన పట్టిక లేనిదే ఏ అంచనానూ నమ్మవద్దని నా సలహా.

తీగ నాణ్యతను తెలుసుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ 90 మీటర్ల కాయిలులో రాగి 225 ఘన సెంటీమీటర్లు ఉండాలి. రాగి సాంద్రత ఘన సెంటీమీటరుకు 8.96 గ్రాములు కాబట్టి పైనున్న పీవీసీ తొడుగు కాక రాగి ఒక్కటే దాదాపు 2 కిలోలు తూగాలి. ఆ రోజు రాగి ధర ప్రకారం 2 కిలోలకు అయ్యే సొమ్ము కంటే కాయిలే చవకగా దొరుకుతోందంటే తీగ పొడవైనా తగ్గి ఉండాలి, మందమైనా తగ్గి ఉండాలి. రాగి ధర పెరిగినప్పుడు పాత రేటుకే చేస్తానన్న మేస్త్రీ విషయంలో ఈ లెక్క మరీ అవసరం.

ఇప్పుడు మీరు చేయవలసింది ఏమిటంటే, దీపాలు, ఫ్యాన్లు, ప్లగ్గులు, సర్క్యూట్లు, డీబీ, ఎర్తింగు అన్నింటి పరిమాణాలతో ఒకే పట్టిక తయారు చేయించి, తీగ సైజులూ కంపెనీలూ అందులో రాసి, ఇద్దరికీ అదే కాగితం ఇచ్చి ఎదురుగా రేట్లు వేయమనండి. సామానుతో కలిపి చేసే కాంట్రాక్టుపై 18 శాతం జీఎస్టీ ఉంటుంది కనుక, ఆ రేటు పన్నుతో కలిపి చెప్పినదా, కాక చెప్పినదా అన్నది కూడా రాయించుకోండి.

ప్రశ్న: నేను సివిల్ డిప్లొమా చదివి ఒక చిన్న ఆసుపత్రి నిర్మాణంలో పనిచేస్తున్నాను. సీపీవీసీ (వేన్నీళ్ళను తట్టుకునే ప్లాస్టిక్) పైపులు కొలిచి, ఫిట్టింగులకు పైపు ధరలో ఇంత శాతం అని కలపమని మా సారు చెబుతున్నారు. ఇది సరైన పద్ధతేనా? (ఒక ఇంజనీరు, భీమవరం)

జవాబు: పైపుల ధరపై శాతం వేయడం మేడ మీది ట్యాంకు నుంచి కిందికి దిగే పొడవాటి లైనుకు సరిపోవచ్చు. బాత్‌రూముల లోపలి పనికి అది సరిపోదు, ఆసుపత్రిలో బాత్‌రూములే ఎక్కువ కదా. ఒక బాత్‌రూమును లెక్కించి చూడండి. వాష్‌బేసిను, కమోడు ఫ్లష్ ట్యాంకు, హెల్తు ఫాసెట్టు, షవరు డైవర్టరు (నీటిని షవరుకో కుళాయికో మళ్ళించేది), గీజరు, ఈ ఐదింటికీ చన్నీళ్ళు కావాలి. గీజరు నుంచి బయటికి, డైవర్టరుకు, బేసినుకు వేన్నీళ్ళ కొసలు మూడు. మొత్తం ఎనిమిది కొసల దగ్గర ఇత్తడి మర ఉన్న ఫిట్టింగు ఒక్కొక్కటి పడుతుంది. మామూలు ఎల్బోకూ ఈ ఇత్తడి మర ఎల్బోకూ ధరలో చాలా తేడా ఉంటుంది. గోడల్లో నడిచే పైపు మాత్రం కొద్ది మీటర్లే కాబట్టి, పైపు మీద శాతం వేస్తే అసలు ఖర్చు అంచనాకు అందనే అందదు. బాత్‌రూము నమూనాలను బట్టి ఒక్కొక్క నమూనాకు ఫిట్టింగులు లెక్కపెట్టి, ఆ నమూనా ఎన్ని గదుల్లో ఉందో దానితో హెచ్చవేయడం మంచి మార్గం.

కొలత పద్ధతిని బిల్లు పట్టికలోనే రాయాలి. ఫిట్టింగులు కలుపుకుని మధ్యగీత వెంబడి మీటర్లలో కొలిచి రేటులోనే ఫిట్టింగుల ఖర్చు చేర్చడం ఒక పద్ధతి, పైపు మీటర్లలోనూ ఫిట్టింగులు సంఖ్యలోనూ విడివిడిగా రాయడం మరొకటి. రెండూ సరైనవే. ఒకదాన్ని మనసులో పెట్టుకుని రేటు వేసి మరొకదాని ప్రకారం కొలత పుస్తకంలో ఎక్కించడం వల్లనే చివరి బిల్లు దగ్గర తగవు వస్తుంది. కొలతల విషయంలో ఐ.ఎస్. 1200 అనే భారతీయ ప్రమాణంలోని 19వ భాగం నీటి సరఫరా, ప్లంబింగు పనుల గురించే ఉంది. ఒకసారి పూర్తిగా చదవండి.

వేస్టేజీని కూడా ఒకే శాతంగా పట్టుకోకండి. మీకు 2 మీటర్ల ముక్కలు కావలసి ఉన్నాయనుకోండి. 3 మీటర్ల పైపు కొంటే ప్రతి పైపులో మీటరు, అంటే మూడో వంతు మిగిలిపోతుంది. 5 మీటర్ల పైపు కొంటే రెండు ముక్కలు వచ్చి మిగిలేది ఐదో వంతే. ఆ మిగిలిన మీటరు ముక్క వేరే చోట పనికొస్తుందా లేదా అన్నది డ్రాయింగు దగ్గర పెట్టుకుని చూస్తేనే తెలుస్తుంది.

ప్రశ్న: మా ఇంటి ప్లంబింగు అంచనాలో సెప్టిక్ ట్యాంకుకు రాసిన మొత్తానికి దాదాపు రెట్టింపు ఖర్చయింది. కాంట్రాక్టరు మమ్మల్ని మోసం చేశాడని అనుకోవచ్చా? (ఒక ఉపాధ్యాయురాలు, రాజోలు ప్రాంతం)

జవాబు: అలా తీర్మానించే ముందు, అమ్మా, ఆ అంచనాలో తవ్వకం కింద ఏం రాశారో చూడండి. డెల్టా భూముల్లో అంచనాలు తలకిందులయ్యేది ఎక్కువగా ఆ వరుసలోనే. కాలువల్లో నీరు పారుతున్న నెలల్లో మీ ప్రాంతంలో కొద్ది అడుగులు తవ్వగానే ఊట వస్తుంది. ఇంజను పెట్టి రాత్రింబవళ్ళు నీరు తోడించాలి, గోతి అంచులు జారకుండా చెక్కలు కట్టాలి, మెత్తని నల్లమట్టిలో అడుగున ఇసుకో గ్రావెలో పరవాలి. పొడి నేల రేటుతో ఘనమీటర్లు హెచ్చవేసిన అంచనాలో ఇవేవీ ఉండవు. ఇదే పనిని వేసవిలో కాలువలకు నీరు ఆపేశాక చేస్తే తోడకం ఖర్చు బాగా తగ్గుతుంది. అంచనా వేసేవారు పని ఏ నెలలో జరుగుతుందో అడగాలని నేను గట్టిగా చెప్పడానికి కారణం ఇదే.

ట్యాంకు బరువును కూడా లెక్కించాలి. వెలుపలి కొలతల్లో 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల లోతు ఉన్న ట్యాంకు నేల మట్టం దాకా ఊటలో మునిగితే నీరు దాన్ని 12 టన్నుల బలంతో పైకి నెడుతుంది. 15 సెంటీమీటర్ల అడుగు శ్లాబు, 23 సెంటీమీటర్ల ఇటుక గోడలు, 10 సెంటీమీటర్ల పై శ్లాబు కలిపితే ఖాళీ ట్యాంకు బరువు సుమారు పదిన్నర టన్నులే. అందువల్ల వానాకాలంలో ట్యాంకును ఒక్కసారిగా ఖాళీ చేస్తే అది లేచి, పైపు కీళ్ళు విరిగే ప్రమాదం ఉంది. అడుగు శ్లాబును గోడలకు వెలుపల చుట్టూ కొంత పెంచి దానిపై మట్టి కూరడం, శ్లాబు మందం పెంచడం తెలిసినవారు చేసే పని. మీ కాంట్రాక్టరు అలా చేసి ఉంటే పెరిగిన కాంక్రీటు మీకు మేలే చేస్తుంది. కొలతలు చూపించమనండి, ముందుగా చెప్పకపోవడం మాత్రం ఆయన పొరపాటే. ఇంకుడు గుంత సంగతి కూడా ఇలాంటిదే. ఊట పైనే ఉన్న బంకమట్టిలో అది పనిచేయదు కనుక, ట్యాంకు నుంచి బయటికొచ్చే నీటికి వేరే ఏర్పాటు అంచనాలో ఉందో లేదో చూసుకోండి.

మీ ఇల్లు సముద్రానికి దగ్గర కాబట్టి ఇంకో రెండు మాటలు. బోరు నీటిలో కరిగిన లవణాలను పరీక్ష చేయించి అంచనాకు జతపరచండి. తాగునీటి ప్రమాణమైన ఐ.ఎస్. 10500 ప్రకారం అవి లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు, మరో దారి లేని చోట 2000 దాకా అనుమతిస్తారు. అంతకు మించితే తాగునీటికి విడి లైను, విడి ట్యాంకు లెక్కలోకి రావాలి. ఇనుప క్లాంపులు ఉప్పుగాలికి తొందరగా తుప్పుపడతాయి కనుక స్టెయిన్‌లెస్ స్టీలు క్లాంపుల రేటు రాయించండి. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరం దగ్గర సుమారు 35 లక్షల క్యూసెక్కుల నీరు వచ్చింది. లంక గ్రామాలకు దగ్గరగా ఉన్నవారు ఆనాటి నీటి మట్టం పెద్దలను అడిగి తెలుసుకుని మీటరు బోర్డు, మోటారు స్టార్టరు దానికి పైన ఉండేలా గీయించుకోవాలి. దానికి పెరిగే కేబులు పొడవు కొద్దిపాటిదే.

ప్రశ్న: మా కల్యాణ మండపానికి ఏసీ డక్టు పనిని చదరపు మీటర్లలో లెక్కించారు. ఇన్సులేషను కొలత డక్టు కొలత కంటే ఎక్కువ ఉంది. ఇది ఎలా? (ఒక నిర్వాహకుడు, తణుకు)

జవాబు: డక్టును, అంటే చల్లగాలి నడిచే రేకు గొట్టాన్ని, చుట్టుకొలతతో పొడవును హెచ్చవేసి కొలుస్తారు. 600 మిల్లీమీటర్ల వెడల్పు, 300 ఎత్తు ఉన్న డక్టు చుట్టుకొలత 1.8 మీటర్లు, 20 మీటర్ల పొడవుకు రేకు 36 చదరపు మీటర్లు. దానిపై 25 మిల్లీమీటర్ల ఇన్సులేషను చుడితే వెలుపలి చుట్టుకొలత 2 మీటర్లు అవుతుంది, అంటే 40 చదరపు మీటర్లు. ఇన్సులేషనును వెలుపలి ముఖం మీద కొలవాలని ఒప్పందంలో ఉంటే ఆ లెక్క సరైనదే. డక్టు ముఖం మీదనే కొలవాలని ఉంటే 36కే చెల్లించండి. ఏదీ రాసి లేకపోతే బిల్లు ఇవ్వకముందే ఇద్దరూ కూర్చుని ఒక పద్ధతికి ఒప్పుకుని సంతకాలు చేయండి. మన ప్రాంతపు తేమ గాలిలో ఇన్సులేషను పలుచనైతే డక్టుకు చెమ్మపట్టి ఫాల్సు సీలింగు మీద నీరు కారుతుంది కాబట్టి, కొలత గురించి వాదించేటప్పుడు మందం మాత్రం తగ్గించుకోకండి.