మీ ప్రశ్న – మేడం జవాబు: పడవలో వాళ్ళని ఎక్కించుకుంటే కేసవుతుందా?

ప్రశ్న: నమస్కారం మేడం. మాది పూసపాటిరేగ మండలంలో సముద్రం ఒడ్డు ఊరు. ఆరేళ్ళుగా గుజరాత్‌లోని వేరావల్ బోట్ల మీద కలాసీగా వెళ్తున్నాను. ఇప్పుడు ఇంటి దగ్గరే ఉన్నాను, ఆగస్టులో మళ్ళీ వెళ్ళాలి. మొన్న ఫోనులో ఒక వీడియో చూశాం. ఇటలీ వైపు సముద్రంలో రబ్బరు పడవ నిండా జనం, చంటిపిల్లలు కూడా ఉన్నారు. రామమందిరం అరుగు మీద కూర్చున్న ఒక పెద్దాయన "కాగితాల్లేకుండా ఆళ్ళని ఎవులు రమ్మన్నారు? ఎక్కించుకుంటే మనకే కేసు" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. రేపు మా బోటుకి అలాంటి పడవ ఎదురైతే ఏం చెయ్యాలి? నిజంగా కేసవుతుందా?
– పేరు వద్దన్న పాఠకుడు, విజయనగరం జిల్లా

జవాబు: బాబూ, ముందు నీ భయం సంగతి. ప్రాణం పోయేలా ఉన్నవాళ్ళని బోటెక్కించుకోవడం నేరం కాదు. 1982లో ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టాల ఒప్పందం కుదిరింది. 1995లో మన దేశమూ దాన్ని ఆమోదించింది. అందులో 98వ అధికరణం ఈ సంగతే చెబుతుంది. తన నావకూ తన మనుషులకూ పెద్ద ముప్పు రానంతవరకు, సముద్రంలో ప్రాణాపాయంలో కనిపించిన ఎవరినైనా నావ నడిపేవాడు ఆదుకోవాలి. ప్రతి దేశమూ తన జెండా ఉన్న నావల చేత ఆ పని చేయించాలి. 1979లో హాంబర్గ్‌లో కుదిరిన గాలింపు, రక్షణ ఒప్పందం ఇంకా తేటగా చెప్పింది. ఏ దేశంవాడు, ఏ స్థితిలో దొరికాడు అని చూడకుండా సాయం అందించాలి. చట్టం ప్రకారం ఆ బాధ్యత బోటు నడిపే మీ తండేలుది. కానీ నీళ్ళలో మనిషిని ముందు చూసేది వల దగ్గర నిలబడ్డ కలాసీయే కదా.

ఎక్కడా ఎవరికీ ఇబ్బంది రాలేదంటే మాత్రం అబద్ధం అవుతుంది. 2018 ఆగస్టులో ట్యునీషియాలోని జార్జిస్ ఊరి జాలర్లు ఆరుగురు, వలసజనం ఉన్న చిన్న పడవని తాడు కట్టి లాంపెడూసా దీవి వైపు లాక్కెళ్ళారని ఇటలీ వాళ్ళు పట్టుకున్నారు. సెప్టెంబరులో వదిలేశారు. అందుకే కబురు చెప్పడం ముఖ్యం, ఆ సంగతి కిందకి రాస్తాను.

ఇక అరుగు మీది మాట. అది నేను ఇంతకుముందే విన్నాను.

2018 నవంబరు ఆఖరులో వేరావల్ బోట్ల మీదున్న మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పిల్లల్ని పాకిస్తాన్ వాళ్ళు పట్టుకున్నారు. నీకు తెలియని కథ కాదు, మీ చుట్టాలే ఉండొచ్చు అందులో. అప్పటికి నేను ఎచ్చెర్ల మండలంలో పంతులమ్మగా పనిచేసి రిటైరై రెండేళ్ళు. అర్జీలు రాసిపెట్టమని ఆడవాళ్ళు మా వసారాకి వచ్చేవారు. ఆధార్ జిరాక్సులు కొంగున ముడేసి తెచ్చేవారు, చెమటకి అంకెలు అలుక్కుపోయి ఉండేవి. ఒకమ్మాయి చంకలో బిడ్డతో వచ్చి, అర్జీలో ఏముందో ఎప్పుడూ అడిగేది కాదు. "మేడమ్మా, ఆడికి కూడెడతన్నారా?" అనేది, వచ్చిన ప్రతిసారీ అదే. 2008 ఒప్పందం ప్రకారం రెండు దేశాలూ ఏటా జనవరి 1న, జూలై 1న ఖైదీల, మత్స్యకారుల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. సంక్రాంతి ఎప్పుడో మరిచినా ఆ రెండు తేదీలూ వాళ్ళు మరిచేవారు కాదు.

ఒకరోజు వాళ్ళని వెంటబెట్టుకుని ఒక కార్యాలయానికి వెళ్ళాను. అక్కడున్నాయన తలెత్తకుండా "గీత దాటి ఎందుకెళ్ళారమ్మా?" అన్నాడు. సముద్రంలో రెండు దేశాల సరిహద్దు గీత ఎలా ఉంటుందో నీకు తెలుసు బాబూ. వల వెంట, నీటివాటం వెంట బోటు పోతుంది. చంకలో బిడ్డున్న అమ్మాయి ఆ మెట్ల మీదే కూలబడిపోయింది. 2020 జనవరి 6న వాఘా దగ్గర 20 మంది ఇవతల అడుగుపెట్టారు. మధ్యలో 13 నెలలు పైగా గడిచిపోయాయి.

ఆ కుర్చీలో మాటా, మీ అరుగు మీద మాటా ఒకటే. మన పిల్లల మీద అంటే ఏడ్చాం. పరాయి పిల్లల మీద అనడానికి మనకి నోరెలా వస్తుంది?

ఆ పెద్దాయన్ని అడుగు, వాళ్ళ తాతల్లో రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్ళినవాళ్ళు లేరేమో. మా తాత కళింగపట్నం రేవులో ఓడెక్కి రంగం వెళ్ళాడు, బియ్యం మిల్లులో కూలికి. జపాను బాంబులు పడ్డాక 1942లో అరకాన్ కొండల మీదుగా నడిచి వచ్చాడు. దారిలో ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్ళు గంజి పోశారని చచ్చేదాకా చెప్పేవాడు. అప్పుడు మనవాళ్ళని కాందిశీకులు అన్నారు. నువ్వు వీడియోలో చూసింది కాందిశీకులనే.

మధ్యధరా సముద్రంలో 2014 నుంచి 30,000 మందికి పైగా చనిపోయారు, లేదా జాడ లేకుండా పోయారు. 2023 జూన్ 14న గ్రీసులో పైలోస్ ఊరికి దూరంగా ఒక పాత చేపల బోటు మునిగింది. అందులో సుమారు 750 మంది ఉన్నారు. 104 మంది బతికారు, 82 శవాలు దొరికాయి. ఆ బోటు సంగతి ముందురోజే అధికారులకు తెలుసు. తాడు కట్టి లాగబోతేనే తిరగబడిందని బతికినవాళ్ళు చెప్పారు, గ్రీసు తీరరక్షక దళం కాదంది.

అదంతా ఎక్కడో అనుకోకు. 2021 ఫిబ్రవరిలో అండమాన్ సముద్రంలో ఇంజను పాడై కొట్టుకుపోతున్న, మయన్మార్ విడిచి పారిపోయిన రోహింగ్యాల పడవని మన కోస్ట్‌గార్డు చేరుకునేసరికి 81 మంది ప్రాణాలతో ఉన్నారు, 8 మంది చనిపోయారు. మనవాళ్ళు తిండీ నీళ్ళూ ఇచ్చారు. 2022 మే నెలలో అసాని తుపానుకి సంతబొమ్మాళి మండలం సున్నాపల్లి ఒడ్డుకి బంగారు రంగు రథం కొట్టుకొచ్చింది, మయన్మార్ వైపుది అనుకున్నారు. సెల్ఫీల కోసం జనం విరగబడ్డారు. నేనూ చూసి వచ్చాను. రథం రాగలిగిన నీటి మీద మనుషులున్న పడవ రాదా అని ఆ రోజంతా అనిపించింది.

2015 మేలో ఇండోనేషియాలో ఆచే జాలర్లు, అధికారులు వద్దంటున్నా, వందలమంది రోహింగ్యాల్నీ బంగ్లాదేశీయుల్నీ ఒడ్డుకు చేర్చారు. సముద్రంలో ఆపదలో ఉన్నవాణ్ణి వదలకూడదన్నది వాళ్ళ కట్టుబాటు. మన గంగమ్మ కొలుపుల్లో మీ పెద్దలు చెప్పేదీ అదే కదా.

ఇప్పుడు చెయ్యాల్సినవి. అలాంటి పడవ కనిపిస్తే మొదట బోటులోని వీహెచ్‌ఎఫ్ రేడియో సెట్టులో 16వ ఛానెల్ మీద చెప్పమని తండేలుకి చెప్పు. ఫోను సిగ్నలుంటే కోస్ట్‌గార్డుకి 1554, మెరైన్ పోలీసుకి 1093. ఎన్ని గంటలకి, ఏ జీపీఎస్ పాయింటు దగ్గర, ఎంతమంది అన్నది కాగితం మీద రాసిపెట్టుకోండి, రేపెవరైనా అడిగితే అదే మీకు రక్షణ. ఎకాఎకిన పక్కకి చేరకండి. మిమ్మల్ని చూసి అందరూ ఒకే వైపుకి లేస్తారు, పడవ తిరగబడుతుంది. దూరం నుంచే చేతులతో కూర్చోమని సైగ చెయ్యండి, లైఫ్ జాకెట్లు ముందు విసరండి. చంటిపిల్లల్ని ముందు అందుకోండి. నీళ్ళు కొంచెం కొంచెంగా తాగించండి. పడవ గీతకి అవతల ఉంటే దాటమని నేను చెప్పను, మీ ఇంట్లో వాళ్ళ ముఖాలు నాకు కనిపిస్తాయి. కానీ కబురందించి, కంటిచూపు మేరలో ఉండండి, సాయం వచ్చేదాకా కదలకండి.

నీ చిరునామా పత్రికవాళ్ళకి పంపు. ఆ నంబర్లు పెద్ద అక్షరాలతో తెలుగులోనూ, మీ తండేలు కోసం గుజరాతీలోనూ రాయించి, తడవకుండా లామినేషన్ చేయించి ఆగస్టులోపు పంపిస్తాను. క్యాబిన్‌లో స్టీరింగు పక్కన అంటించుకోండి.